అయ్యవారి కారు డిక్కీకి రిమోట్

నన్ను ప్రొద్దుటూరుకు స్టాఫ్ రిపోర్టరుగా వేసింది తొంభైలు ముగుస్తున్న రోజుల్లో, స్థానిక ఎన్నికలకు ఇంకా రెండు నెలలున్నాయనగా, కార్తీక మాసంలో. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ నా పరిధిలోవే. స్టాఫ్ రిపోర్టరు అంటే పత్రిక పూర్తికాలం ఉద్యోగి. అతని కింద మండలానికొక కంట్రిబ్యూటరు ఉంటాడు. వాళ్లకు వేరే బతుకుతెరువు ఉంటుంది, వార్తలు అదనం. పైన కడపలో ఎడిషన్ కేంద్రం, అందులో వార్తలు దిద్దే డెస్కు, డెస్కు మీద సబ్ ఎడిటర్లు, అందరి మీదా ఎడిషన్ ఇన్‌ఛార్జి.

చేరిన మూడో వారంలో ఇన్‌ఛార్జి ఫోన్ చేశారు. నేను పంపే వార్తల్లో తప్పేమీ లేదట. కానీ జిల్లా పేజీ తెరిస్తే బాంబుల మందు వాసన వస్తోందట. పట్టుబడిన నాటు బాంబులు, తగలబడిన గడ్డివాములు, కోర్టు వాయిదాలు తప్ప మరొకటి లేదట. "బాంబు లేని వార్త ఒకటి పంపండి. ఫొటో ఉండాలి. చదివినవాడు నవ్వాలి" అన్నారు. అది ఆదేశమే. వారం గడువిచ్చారు.

ఆ వార్త నాకు మస్తాన్ అంగడిలో దొరికింది. మస్తాన్ ప్రొద్దుటూరులో మోటారు వాహనాల ఎలక్ట్రీషియన్. బక్కమనిషి, చెవి మీద ఎప్పుడూ టెస్టరు. పనిలో ఎంత నేర్పరో మాటలో అంత జాగ్రత్తపరుడు. ఆ చుట్టుపక్కల రెండు పార్టీల బండ్లూ అతని అంగడికే వచ్చేవి. ఒకరి జీపు ఉండగా ఇంకొకరిది రాకుండా వేళలు చూసుకునేవాడు. ఒకరి బండి సంగతి ఇంకొకరికి చెప్పిన పాపాన పోలేదు. బానెట్ తెరిచిన బండిని నమ్మి అప్పగించి టీకి వెళ్లదగ్గ మనిషి ఆ రోజుల్లో వాళ్లకు అతనొక్కడే.

ఆ ఉదయం అంగడి ముందు నిలబడింది జీపు కాదు. ముదురాకుపచ్చ రంగు ఇంగ్లిషు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, గుడ్డ టాపు, నేలకు జానెడు ఎత్తు. పక్కన లారీ ఆగితే దాని చక్రమే ఈ కారుకంటే పెద్దదిగా కనపడేది. జమ్మలమడుగులో ఎప్పుడో పనిచేసిన దొర డాక్టరు తిరిగి వెళ్లిపోతూ దాన్ని తన డ్రైవరుకు ఇచ్చిపోయాడు. ఆ డ్రైవరు కొడుకు దేవదానం అయ్యవారు. జమ్మలమడుగు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరై, ఆ ఊళ్లోనే ఉండేవారు. డెబ్బై దాటాయి. ప్రతి ఆదివారం ఆ కారులోనే పులివెందుల మీదుగా వేముల దగ్గరి పల్లెకు పోయి, అక్కడి చిన్న చర్చిలో ప్రార్థన నడిపి వచ్చేవారు.

ఆయనకొచ్చిన చిక్కు ఎన్నికల వల్ల వచ్చింది. ఇంటికీ చర్చికీ మధ్య నాలుగు చోట్ల పోలీసులు చెక్‌పోస్టులు పెట్టారు. ప్రతిచోటా ఒకటే మాట: దిగి డిక్కీ తెరువు. అయ్యవారికి మోకాళ్లు అరిగిపోయాయి. అంత కిందికి ఉన్న సీట్లోంచి లేవడమంటే, ముందు కుడికాలు బయటపెట్టి, తలుపు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని, మూడోసారికి లేవాలి. పోనూ రానూ ఎనిమిది సార్లు.

"ప్రార్థన చేసే ఓపిక దారిలోనే అయిపోతాంది మస్తానూ. కూర్చున్న చోటి నుంచే డిక్కీ తెరుచుకునే మార్గం చూడప్పా" అని అడిగారు ఆయన.

"టాపు తీసేసి క్రేను పెట్టించుకోండి అయ్యోరా, అది సులభం" అన్నాడు మస్తాన్. అన్నాడే గాని, అప్పటికే డిక్కీలో సగం దూరి ఉన్నాడు.

పని ఇలా సాగింది. కొత్త కార్ల తలుపులకు వచ్చే సోలినాయిడ్ ఒకటి తెచ్చాడు. కరెంటు ఇస్తే లోపలి ఇనుప కడ్డీని లాగే తీగచుట్ట అది. పాత తాళం గొట్టం తుప్పుపట్టి ఉంది కాబట్టి దాన్ని తీసి, ఆ చోటనే సోలినాయిడ్ బిగించాడు. అంటే ఇక డిక్కీ తాళంచెవితో తెరుచుకోదు. తాళంచెవి గుత్తికి తగిలించుకునే చిన్న నల్ల డబ్బీ మీద బటన్ నొక్కితే, డిక్కీలోని పెట్టె దాన్ని అందుకుని సోలినాయిడ్‌కు కరెంటు వదలాలి.

మొదటిసారి నొక్కితే ఏమీ కాలేదు. మస్తాన్ నవ్వాడు. సాధారణంగా కార్లలో బ్యాటరీ నెగెటివ్ తీగను బాడీకి కలుపుతారు. ఆ కాలపు ఇంగ్లిషు కార్లలో పాజిటివ్‌ను కలిపేవారు. నెగెటివ్‌కు కలిపిన కొత్త పెట్టె ఇనుప ఒళ్లు ఆ బాడీకి తగిలితే ఫ్యూజు పోతుంది, పోయింది. అతను సైకిల్ ట్యూబు కోసి పెట్టెకు చొక్కాలా తొడిగి, రెండు తీగలూ విడిగా బ్యాటరీ దాకా లాక్కొచ్చాడు. రెండోసారి టక్కుమంది గాని గొళ్లెం కదల్లేదు. అరవై యేళ్ల గొళ్లేనికి ఆ లాగుడు చాలలేదు. సైకిల్ చక్రపు పుల్ల ముక్కతో గొళ్లెం పిడిని పొడుగు చేశాడు. డిక్కీ మూత పైకి లేవడానికి కింద ఒక స్ప్రింగు కూడా పెట్టాడు. చివరగా, ఎవరూ అడగకుండానే, గొళ్లేనికి ఒక సైకిల్ బ్రేకు వైరు కట్టి, దాని కొసను సీటు వెనక చాప కింద దాచాడు.

"ఇదెందుకు?" అని అడిగాను.

"కరెంటును నమ్ముకుంటే ఒకనాడు సగం దారిలో నిలబడతాం సార్. అప్పుడు ఇది లాగితే తెరుచుకుంటాది."

మూడోసారి నొక్కి చూడకముందే పన్నెండు కావస్తోంది. ఆ వేళకు ప్రతి రిపోర్టరూ డెస్కుకు ఫోన్ చేసి, ఆ రోజు పంపబోయే వార్తలు ఒక్కో ముక్కలో చెప్పాలి. దాన్ని షెడ్యూలు అంటారు. దాన్ని బట్టే ఇన్‌ఛార్జి పేజీలు పంచుతారు. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కు పోయి చెప్పాను: "ప్రొద్దుటూరు. కారు డిక్కీకి రిమోట్. ఫొటో ఉంది."

అవతల కొత్తగా చేరిన సబ్ ఎడిటరు. వెంటనే అడిగాడు. "కారు ఎవరిదండీ?"

"దేవదానం అని, రిటైర్డ్ అయ్యవారు."

"ఎవరు పెట్టారు?"

"మస్తాన్ అని ఇక్కడి ఎలక్ట్రీషియన్."

"పనిచేసిందా?"

"ఇంకా లేదు. మధ్యాహ్నం జమ్మలమడుగు రోడ్డులో చూస్తారు. నేను వెనకే పోతున్నాను."

లైను కట్టయింది. సబ్ ఎడిటరు ఎంత శ్రద్ధగా వింటున్నాడో అనుకుని సంతోషించాను. కానీ దూరం నుంచి బటన్ నొక్కి పేల్చే బాంబుల మాట అప్పుడప్పుడే రాష్ట్రంలో వినపడుతోంది. మా జిల్లాలో వాటిని బాంబు అని కూడా అనేవారు కాదు. ఉత్త 'రిమోట్' అనేవారు. ఆ సంగతి తెలిసిన నేను, ఉదయమంతా ఇంకో రిమోట్ ముందు కూర్చుని, దాన్ని మరిచిపోయాను.

మూడు గంటలకు బయల్దేరాం. కారులో అయ్యవారు, పక్కన మస్తాన్. వెనక స్కూటరు మీద కెమెరాతో నేను. జమ్మలమడుగు పొలిమేర చెక్‌పోస్టులో మామూలుగా ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక వెదురు గడ ఉండేవి. ఆ రోజు ఆరుగురున్నారు. ఇసుక మూటల వెనక సబ్ ఇన్‌స్పెక్టరే స్వయంగా నిలబడ్డాడు. ఎన్నికల హడావిడి అనుకున్నాను.

"ఎవరూ కదలొద్దు! కిందికి దిగండి!" అని కేక వేశాడు ఎస్సై.

ఈ క్షణం కోసమే కదా ఇంత పని జరిగింది. అయ్యవారు ముఖమంతా వెలిగిపోతూ కుడిచెయ్యి పైకెత్తారు. చేతిలో నల్ల డబ్బీ. "దిగే పనే లేదప్పా! రిమోట్ ఉంది!"

ఆరుగురూ ఒక్కసారి కనపడకుండా పోయారు. ఇద్దరు ఇసుక మూటల వెనక, మిగిలినవాళ్లు రోడ్డు పక్క కాలువలో. కాలువలోంచి ఒక రైఫిల్ గొట్టం బయటికి వచ్చి అయ్యవారి వైపు తిరిగింది.

"అయ్యోరా, బొటనవేలు తీయండి ముందు!" అన్నాడు మస్తాన్. డబ్బీని రెండు వేళ్లతో అందుకుని, మెల్లగా దిగి, రోడ్డు మధ్యలో పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చేతులెత్తి నిలబడ్డాడు.

అప్పుడే జమ్మలమడుగు కంట్రిబ్యూటరు ఓబులేసు సైకిల్ మీద రొప్పుకుంటూ వచ్చాడు. "సార్, మీరు బతికే ఉండారా? డెస్కు నుంచి ఫోను. మస్తాన్ అనేవాడు అయ్యోరి కారులో రిమోట్ పెట్టినాడంట, జమ్మలమడుగు దారిలో పేలుచ్చారంట. నిజమేనా అని నేనే ఎస్సైసారును అడిగినా" అన్నాడు. నా వార్తే నన్ను దాటి ముందొచ్చి నిలబడిందని అప్పుడర్థమైంది.

ఎస్సైకి జరిగింది చెప్పాను. ఆయన ఇసుక మూట వెనక నుంచే విన్నాడు. "మీ పేపరు సంగతి మీరు చూసుకోండి. నేను డిక్కీ చూడాల. బటన్ మాత్రం ఎవురూ ముట్టుకోవద్దు. కడప నుంచి బాంబు స్క్వాడును పిలుస్తా" అన్నాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

ఆ మాటతో మస్తాన్ ముఖంలో రంగు మారింది. అంతవరకు రైఫిల్‌కు భయపడని మనిషి.

"సార్, స్క్వాడు వస్తే ఊరంతా వస్తాది. డిక్కీలో ఏమీ లేదని తేలినా, మస్తాన్ కారుకు రిమోట్ పెట్టినాడనేది నిలబడిపోతాది. ఈ పార్టీవాళ్లు ఆ పార్టీ పెట్టించింది అంటారు, ఆ పార్టీవాళ్లు ఈ పార్టీ అంటారు. రేపట్నుంచి నా అంగడి ముందర ఒక్క బండి నిలబడదు. నేను నిలబడేదీ అనుమానమే. బటన్ వద్దు సార్. సీటు ఎనక బ్రేకు వైరుంది. నేనే లాగుతా. మీరంతా దూరం పొండి."

"అది లాగితే పేలదని ఏంది నమ్మకం?"

"సైకిల్ బ్రేకు సార్ అది. లాగితే సైకిల్ నిలబడతాది, అంతే."

ఎస్సై అయ్యవారిని దిగి దూరం రమ్మన్నాడు. అయ్యవారు తల అడ్డంగా ఊపారు. "నేను దిగగలిగితే ఈ తంటా అంతా ఎందుకొస్తాది నాయనా? నేను ఈడనే కూర్చుంటా. లాగు మస్తానూ."

కాలువలోంచి హెడ్ కానిస్టేబులు నరసింహులు తల పైకెత్తాడు. "సార్, లెక్క తప్పినానని ఈ అయ్యోరు నన్ను ఏడాదంతా బెంచీ ఎక్కించినాడు. డిక్కీలో బాంబు పెట్టుకోని అంత తాపీగా కూర్చునే రకం కాదు సార్."

ఎస్సై లాగమన్నట్టు చెయ్యి ఊపాడు. మస్తాన్ చాప ఎత్తి వైరు లాగాడు. ఏమీ కాలేదు. రెండోసారి కాలు సీటుకు తన్నిపెట్టి లాగాడు. టప్పుమని డిక్కీ మూత ఎగిరింది. పోలీసులతో పాటు నేనూ ఓబులేసూ నేలకు కరుచుకున్నాం. కొత్త స్ప్రింగు కాస్త బలంగానే పనిచేసింది. లోపల పాటల పుస్తకాల కట్ట, టిఫిన్ క్యారియరు, విప్పిన మూట. మూటలోంచి ఒక చీనీకాయ, అదే బత్తాయి, కిందపడి, వాలున్న రోడ్డు మీద నిదానంగా దొర్లుకుంటూ పోయి, కాలువలో నరసింహులు ముందు ఆగింది. అతను దాన్ని చాలాసేపు చూసి, తర్వాత తీసి జేబులో వేసుకున్నాడు.

మొదట నవ్వింది ఎస్సై.

నా పని అప్పుడే మొదలైంది. నాలుగున్నర. జిల్లా పేజీలు ఆరింటికి మూస్తారు. జమ్మలమడుగు బూత్ నుంచి ఇన్‌ఛార్జికి ఫోన్ చేస్తే, మొదటి పేజీలో పెద్ద బాక్సు కట్టేశామన్నారు. శీర్షిక చదివి వినిపించారు: 'కారు డిక్కీలో రిమోట్: త్రుటిలో తప్పిన ముప్పు'. రెండో లైనులో మస్తాన్ పేరు ఉంది. తీసేయాలన్నాను. ఆ ఖాళీలో ఏం పెట్టమంటారని అడిగారు. మీరడిగిన వార్తే, బాంబు లేనిది, అరగంటలో ఫోన్‌లోనే చెప్తానన్నాను.

చెప్పడం మొదలుపెడితే మొదటి వాక్యంలోనే 'రిమోట్' దగ్గర ఆగిపోయాను. ఆ మాట ఏ పేజీలో, ఎంత చిన్న అక్షరాల్లో వచ్చినా మస్తాన్ పక్కనే కూర్చుంటుంది. బూత్ గుమ్మంలో నిలబడ్డ మస్తాన్ నా నోటి వైపే చూస్తున్నాడు.

బయట కారులోంచి అయ్యవారి గొంతు వినపడింది. ఆయన దిగలేదు కదా. "మీట అని రాయండి! లైటుకు మీట, ఫ్యానుకు మీట, డిక్కీకి మీట. మీటకు ఎవుడు భయపడతాడు?"

మర్నాడు మూడో పేజీలో వచ్చింది. 'మీట నొక్కితే డిక్కీ'. ఫొటోలో అయ్యవారు సీట్లో, వెనక మూత పైకెత్తిన కారు. మొదటి పేజీ బాక్సులో చీనీకాయల దిగుబడి వార్త వేశారు. అది యాదృచ్ఛికమేనని ఇన్‌ఛార్జి ఇప్పటికీ అంటారు.

పది రోజుల తర్వాత మస్తాన్ అంగడికి వెళ్తే రెండు పార్టీల అంబాసిడర్లూ ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. చెక్‌పోస్టుల్లో దిగి దిగి నాయకులకూ విసుగొచ్చిందట. ఇద్దరూ మస్తాన్‌ను చాటుకు పిలిచి అడిగింది ఒకటే ప్రశ్నట: "వాళ్ల మీట నొక్కితే మా డిక్కీ తెరుచుకోదు కదా?" ఇద్దరికీ అతను ఒకటే జవాబు చెప్పాడు. అంగడి పైన కొత్త బోర్డు, పసుపు మీద ఎరుపు: 'ఇచ్చట డిక్కీలకు మీట బిగించబడును'.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఉద్యోగం చేశాను. షెడ్యూలు చెప్పేటప్పుడు వస్తువు పేరుతో పాటు అది చేసే పని కూడా చెప్పడం ఆ రోజు నుంచి అలవాటు చేసుకున్నాను. నా కింద పనిచేసిన కంట్రిబ్యూటర్లకు మొదట నేర్పిందీ అదే. 'కారు డిక్కీకి రిమోట్' మూడు మాటలు. 'కారు డిక్కీ తెరిచే మీట' నాలుగు మాటలు. ఆ ఒక్క మాట మిగుల్చుకోబోయి ఆరుగురు పోలీసులను నేల కరిపించాను.