బొట్లు పెట్టిన పనిముట్లు

కామరాజు షెడ్డులో అడుగుపెట్టాలంటే ముందు చెప్పులు విప్పాలి, తరవాత చేతులు వెనక్కి కట్టుకోవాలి. చెప్పులు దేవుడి గది ముందూ విప్పుతారు, పరవాలేదు. చేతులు కట్టుకోవడమే ఆ ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు.

గోపాలపట్నంలో ఇంటిని ఆనుకుని వేసిన రేకుల షెడ్డు అది. లోపల ఇనుమును తిప్పుతూ చెక్కే పాత లేత్ మిషను, ఓ బల్ల, గోడ పొడుగునా సొరుగులు. ఓడల రిపేరు వర్క్‌షాపులో వయసంతా లేత్ తిప్పే టర్నరుగా అరగదీసి, కాంట్రాక్టరు మారిన మర్నాడు రోడ్డు మీద నిలబడ్డవాడు కామరాజు. గేటు దగ్గర ఆపి నీ పాస్ చెల్లదు పొమ్మన్నారు. ఎందుకు చెల్లదో చెప్పేపాటి మర్యాద కూడా ఎవరికీ లేకపోయింది. మళ్లీ ఇంకొకడి కింద కూలికి నిలబడనని ఒట్టు పెట్టుకుని, తుక్కులో కొన్న లేత్‌ని బాగుచేసుకున్నాడు.

ఈ ఊళ్లో ఇనుముకి శత్రువు గాలే. సముద్రం మీంచి వచ్చే ఉప్పుతేమకి, కాస్త ఆదమరిస్తే చాలు, తుప్పు లేస్తుంది. అందుకని ఆ షెడ్డులో ప్రతి పనిముట్టుకీ ఓ పడక ఉంది. సొరుగుల్లో పాత కంబళి ముక్కలు పరిచి, దేని ఆకారానికి దానికి గుంట కోశాడు. ఆకురాళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటే పళ్లు పోతాయని విడివిడిగా మేకులకి వేలాడదీశాడు. మందం కొలిచే మైక్రోమీటరు దవడలు బిగిస్తే కొలత తప్పుతుందని, పూర్తిగా మూయకుండా వెంట్రుకవాసి ఎడం ఉంచేవాడు. కొలతలు సరిచూసుకునే గేజు దిమ్మలతో సహా, నూనెగుడ్డతో తుడవందే దేన్నీ లోపల పెట్టడు. ఇదంతా ఎందుకో పెళ్లానికి చెప్పలేదు, బావమరిదికీ చెప్పలేదు. "ముట్టకండి" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేశాడు.

ఈ ఏడాది ఓ పంపుల కంపెనీ తన దగ్గర ఇరుసులకి తొడిగే బుష్షులు చేయించుకుంటామంది. దసరా వెళ్లాక వాళ్ల మనిషి వచ్చి షెడ్డునీ, కొలత పనిముట్లనీ చూస్తాడు. నచ్చితే ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే ఆ ఒట్టు గట్టు మీద పెట్టాల్సిందే.

సరిగ్గా అప్పుడే చోడవరం దగ్గర సొంతూళ్లో పెదనాన్న పోయాడు. ఇంటికి మైల వచ్చింది. ఆయుధపూజ చేసే వీల్లేదు.

"మైల మీకు గానీ మిషనుకి కాదు గదా బావ," అన్నాడు దేవీప్రసాద్. అతను కామరాజు పెళ్లాం కనకరత్నం తమ్ముడు, పోర్టులో టిప్పర్ తోలతాడు, అదే వీధిలో ఇల్లు. "నాను సేసేత్తాను. పూజ మానేత్తే అమ్మోరికి కోపం రాదేటి?"

కామరాజుకి ఇష్టం లేదు. కనకరత్నం మొహం చూసి తాళం ఇచ్చాడు.

"లేత్‌కి ఓ బొట్టెట్టి కాయ కొట్టీ. సొరుగులు తియ్యకు."

"ఆయుధాలంటే అయ్యే గదేటి?"

"తియ్యకన్నాను."

"సర్లే బావ. నీ బంగారం ఎవులికి కావాల!"

పెద్దకర్మ ముగించుకుని కామరాజు దంపతులు తిరిగొచ్చేసరికి పండగ వెళ్లిపోయింది. షెడ్డు తలుపు తీసి అతను అక్కడే ఆగిపోయాడు.

బల్ల మీద ఎర్ర గుడ్డ. దాని మీద పనిముట్లన్నీ పెద్దవాటి పక్కన పెద్దవి, చిన్నవాటి పక్కన చిన్నవి, పెళ్లి ఫొటోలో చుట్టాల్లా వరసగా పడుకుని ఉన్నాయి. ప్రతిదానికీ తడి పసుపు రాసి, పైన కుంకుమ అద్దాడు. అంతకుముందు నీళ్ల గొట్టం పెట్టి అన్నిటినీ శుభ్రంగా కడిగాడు కూడా, టిప్పర్ని కడిగినట్టు. కంబళి ముక్కలు చెత్తబండికి పోయాయి, సొరుగుల్లో కొత్త పేపరు వచ్చింది. ఆకురాళ్లన్నీ ములక్కాడల కట్టలా తాడుతో బిగించి ఉన్నాయి. మైక్రోమీటరు దవడలు గట్టిగా మూసి ఉన్నాయి. కామరాజు గోటితో ఓ బొట్టు గీకాడు. కింద తుప్పు మచ్చ, మామిడి టెంక రంగులో.

దొంగ పడి ఉంటే బాగుండేది. పోలీస్ స్టేషన్‌కి వెళ్లేవాడు, బూతులు తిట్టేవాడు. భక్తితో పాడుచేసినవాడి మీద ఎవరికి చెప్పుకుంటాడు?

కిరసనాయిలు గిన్నె పెట్టుకుని తోమడం మొదలెట్టాడు. కనకరత్నం వచ్చి పక్కన కూర్చుని ఓ గుడ్డ అందుకుంది.

"ముట్టకు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ముట్టకు, ముట్టకు. కాపరానికొచ్చిన కాడ్నించీ ఇదే మాట. ఎందుకు ముట్టకూడదో ఒక్కనాడైనా సెప్పినారా? సొరుగులు తీసి బాగా సెయ్యరా అని ఆడికి నానే సెప్పినాను. మీరు మిషనుకి సుక్క బొట్టెట్టి సరిపెట్టేత్తన్నారనే మనకి కలిసి రావట్లేదనుకున్నాను."

కామరాజు ఇప్పుడైనా చెప్పొచ్చు. నీళ్లేం చేస్తాయో, పసుపేం చేస్తుందో చెప్పడానికి ఎంతసేపు? చెప్పలేదు. తోముతూనే ఉన్నాడు. ఆమె గుడ్డ అక్కడ పడేసి వెళ్లిపోయింది.

మర్నాడు కంపెనీ మనిషి జయంత్ వచ్చాడు. కృష్ణా జిల్లా కుర్రాడు, మర్యాదస్తుడు. లేత్ మీద తిప్పించిన ముక్కని చూసి మెచ్చుకున్నాడు కూడా. తరవాత మైక్రోమీటరు తీసి దవడలు కలిపి చూశాడు. సున్నా దగ్గర ఆగాల్సిన గీత పక్కకి జరిగింది. గేజు దిమ్మలు వెలుగులో తిప్పి చూశాడు. ఒక్కోదాని మీదా ఒక్కో గుంట, చుక్క పెట్టినట్టు.

"ఏంటండీ ఇవి?"

కామరాజు నోరు తెరిచేలోపు, కాఫీ పట్టుకొచ్చిన దేవీప్రసాద్ అందుకున్నాడు. "పూజ సేసినాం సార్. అమ్మోరి బొట్లు."

"పూజ మా కంపెనీలోనూ చేస్తామండీ. వీటికి మాత్రం పెట్టం."

"అంటే అమ్మోరికి ఎట్టింది తప్పంటారేటి? మా బావ సేతిలాంటి సెయ్యి ఇశాపట్నంలో సూపించండి సూద్దాం!"

"దేవీ, ఊరుకో," అన్నాడు కామరాజు.

జయంత్ దిమ్మని జాగ్రత్తగా కింద పెట్టాడు. "చేతిని నేను కాదనట్లేదండీ. వీటితో కొలిచిన కొలత మా వాళ్లు ఒప్పుకోరు. కొత్తవి కొనుక్కున్నాక కబురు చెయ్యండి." కాఫీ ముట్టకుండానే బండెక్కాడు. కొత్తవి కొనే డబ్బు లేదనీ, కొనేవరకూ కంపెనీ ఆగదనీ బావకీ బావమరిదికీ తెలుసు.

దేవీప్రసాద్ గొంతు తగ్గింది. "తెలీక సేసినాను బావ. నాలుగు తన్నీ, పడతాను. మా యార్డు వర్క్‌షాపులో టర్నర్ కావాలంతన్నారు. కాంట్రాక్టు మీదే. నాను సూపర్‌వైజర్తో మాటాడేను."

నాలుగు కాదు, నలభై తన్నాలనుంది కామరాజుకి. నా షెడ్డులోకి ఎవడు రమ్మన్నాడురా అని వీధంతా వినపడేలా అరవాలనుంది. గడప అవతల కనకరత్నం నిలబడి వింటోంది. అతను కాఫీ గ్లాసు తీసి, చల్లారిపోయిందాన్ని తనే తాగాడు.

"ఎన్నింటికి రమ్మన్నార్రా?" అనడిగాడు.