పుయాకు పచ్చరాతి గొడ్డలి

పుయాకు చేతికి మంచి రాయి దొరికితే, పొయ్యి మీద చేపలు మాడినా ముక్కుకు తెలిసేది కాదు. పసిఫిక్ ఒడ్డున, ఒక వాగు సముద్రంలో కలిసే మొగ దగ్గర, లోహం మొహం ఎవరూ చూడని రోజులవి. గొడ్డలంటే రాతిదే. మిగతావాళ్ళు నాలుగు పెచ్చులు కొట్టి, అంచు వచ్చిందనిపించి, చెట్ల మీద పడేవారు. ఇతను మాత్రం రెండు వానకాలాలుగా ఒక్క పచ్చరాతినే తడి ఇసుకతో రుద్దుతూ కూర్చున్నాడు.

"నా వీపు ఒక్కసారైనా అలా రుద్దావా?" అనేది పెళ్ళాం చెనీవా, సన్నెకల్లు మీద మొక్కజొన్న నూరుతూ.

"నీ వీపుకి అంచు రాదు కదే," అనేవాడు. ఆ పూట అతనికి కర్రపెండలం రొట్టె రాలేదు.

ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. ఊరందరి విత్తనపు మొక్కజొన్నకు కాపలా చెనీవా పుట్టింటివాళ్ళది. అంటే ఆమె గుడిసెలోనే, దూలానికి వేలాడే సొరబుర్రల్లో ఉండేది. పిల్లలు ఆకలితో ఏడ్చినా ఎవరూ వాటి జోలికి పోలేదు. అవి పోతే వచ్చే ఏటికి ఊరే ఉండదు. ఎగువ కొండవాళ్ళు మాత్రం తమ విత్తనాలు అప్పటికే వండుకు తినేశారు.

ఒక పొద్దున వాళ్ళు దిగారు. వాగు దగ్గర వల దులుపుతున్న చెనీవా తమ్ముడు, ఒకారు అనేవాడు, "బావా, కొండవాళ్ళు!" అని అరిచాడు. రెండో కేక వేసేలోపే వడిసెల రాయి దవడ పగలగొట్టింది. పళ్ళు ఉమ్ముకుంటూ పడినవాణ్ణి కదలడం మానేసేదాకా దుడ్డుకర్రలతో బాదారు. నత్తలు ఏరుకొస్తున్న ముసలమ్మను జుట్టు పట్టి ఈడ్చి బండకేసి కొట్టారు.

పుయాకు గుమ్మానికి అడ్డంగా నిలబడి గొడ్డలెత్తాడు. ఎదురుగా ఎముకలగూడులాంటి బక్కమనిషి. ఎముక తగిలితే అంచు పెచ్చు లేస్తుందేమో! చెయ్యి దానంతటదే తిరిగింది. కుక్కను అదిలించినట్టు గొడ్డలి కర్ర చివరతో పొడిచాడు. బక్కవాడు ఒక్క క్షణం బిత్తరపోయి, దుడ్డుకర్రతో పుయాకు చెవి చితక్కొట్టి, కింద పడేసి లోపలికి దూరాడు.

"ఏమయ్యా! దాన్నెవరి పెళ్ళికి దాచావ్?" లోపల చెనీవా అరుస్తోంది.

వాడు ఒక సొరబుర్ర తెంపాడు. ఆమె వాడి మణికట్టు కొరికి పట్టుకుంది. వాడు ఆమె తలను గుంజకేసి కొట్టాడు. సొరబుర్ర పగిలి గింజలు నేలంతా చిందాయి. వాడు ఆమెను వదిలేసి గింజల కోసం కిందికి వంగాడు. లేచి వచ్చిన పుయాకుకు కనిపించింది వాడి వీపు, నడినెత్తి మాత్రమే.

కొట్టాడు. అంచు పుర్రెలో దిగింది. లాగితే రాలేదు. కాలు అదిమి మళ్ళీ లాగితే రాయి విరిగింది. నెత్తురు కళ్ళల్లోకి చిమ్మింది.

ఈలోగా ఊరి పడవలవాళ్ళు చేపల బల్లేలతో పరుగెత్తుకొచ్చారు. మిగతా కొండవాళ్ళను మడ అడవి దాకా తరిమి, చిక్కినవాళ్ళను బురదలో తొక్కి చంపారు. తిరిగొచ్చి చూస్తే, పుయాకు శవం మీద కూర్చుని పుర్రె కెలుకుతున్నాడు. ముక్క దొరికితే మళ్ళీ నూరొచ్చని అతని ఆశ.

"అమ్మో, చచ్చినా వదలట్లేదు! పులి!" అన్నారు వెనక్కి జరుగుతూ.

కాదనడానికి సిగ్గేసింది. అవుననడానికి ఇంకా సిగ్గేసింది. ఆ పేరు అతన్ని చచ్చేదాకా వదల్లేదు. ఎక్కడ కొట్లాటైనా అతన్నే ముందు నిలబెట్టేవారు, అతనేమో కడుపునొప్పి అనేవాడు.

"రాయి కోసం తర్వాత ఏడుద్దువు గానీ, ముందు గింజలేరు," అంది చెనీవా, పగిలిన తలకు నూలుగుడ్డ అదుముకుంటూ. బయట తమ్ముడి శవముంది. ఏడవడానికి ఆమెకూ తీరిక లేదు.

ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ నెత్తుటి మట్టిలోంచి గింజలేరి, నెత్తురు పోయేలా నీళ్ళల్లో వేశారు. అంతా అయ్యాక పుయాకు శవాన్ని పక్కకు తిప్పాడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. వాడి నోరు తెరిచి చూసి, వెంటనే మూసేశాడు.

"ఏమున్నాయక్కడ?"

"నమిలేశాడు. పనికిరావు."

చెనీవా జరిగి వచ్చి తనే తెరిచి చూసింది. "నమిలేదాకా నువ్వెక్కడ ఉండనిచ్చావ్? ఒక్కటీ నలగలేదు."

పుయాకు ఖాళీ నేల మీద మళ్ళీ గింజలు వెతకసాగాడు.

"తియ్యి," అంది, ఈసారి మెల్లగా. "వాడికింక ఆకలి లేదు. మనకుంది."

తీశాడు, పళ్ళ సందుల్లోంచి, నాలుక కిందనుంచి, ఒక్కొక్కటే.