లెక్కకు రాని చెయ్యి

బుద్ధి ఎదగని పిల్లల తల్లిదండ్రులం కలిసి పెట్టుకున్న సంఘం మాది. జిల్లా కమిటీ తిరుపతిలో ఉంటుంది. నగరి శాఖకు కార్యదర్శిని నేను.

సంఘానికి కాస్త పేరు రాగానే పెద్దమనుషులు వాలారు. వాళ్లకు మా పిల్లలతో పనిలేదు, ఒక శాలువా, వేదిక మీద ఒక కుర్చీ ఉంటే చాలు. నాకు ఒళ్లు మండి, జిల్లా సమావేశంలో పట్టుబట్టి ఒక నియమం పెట్టించాను. అలాంటి బిడ్డ ఉన్న తల్లికీ తండ్రికీ మాత్రమే ఓటు. బిడ్డ లేనివాళ్లది గౌరవ సభ్యత్వమే. ఆ రోజు అందరి చేతా చప్పట్లు కొట్టించుకుని, నగరి బస్సులో మహారాణిలా కూర్చుని వచ్చాను.

నిజానికి నగరి శాఖను నిలబెట్టింది మరమగ్గం మీద పనిచేసే ఒక అక్క. పిల్లల్ని లోపల దాచుకున్న ఇళ్లు వెతుక్కుంటూ పోయి, అలాంటి తన కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడేది. నన్ను బయటికి లాక్కొచ్చిందీ ఆమే. మా సంఘంలో తల్లులను సొంత పేర్లతో పిలవం. ఫలానా బాబు వాళ్లమ్మ, ఫలానా పాప వాళ్లమ్మ, అంతే. ఆమెనూ కొడుకు పేరుతోనే పిలిచేవాళ్లం.

పోయిన వానాకాలంలో ఆ అబ్బాయి ఫిట్స్ వచ్చి చనిపోయాడు.

తర్వాత శాఖ ఎన్నిక వచ్చింది. చేతులెత్తమన్నాను. అక్క ఎప్పటిలాగే ముందు వరుసలో కూర్చుని చెయ్యెత్తింది. చూసీచూడనట్టు ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు. కానీ నా నియమం నేనే తప్పితే పెద్దమనుషులకు సందు దొరుకుతుందని భయపడ్డాను. ఆమెను ఏమని పిలవాలో కూడా తెలియలేదు, కొడుకు పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“అక్కా, నీ చెయ్యి లెక్కకు రాదు” అన్నాను.

ఆమె చెయ్యి దించి కొంగు సర్దుకుంది. ఒక్కరూ కాదనలేదు. కార్యదర్శి మాట కదా మరి.

అయ్యాక, టీ గ్లాసులు కడుగుతున్న ఆమె దగ్గరికి పోయి, తప్పయిందని, వచ్చే జిల్లా సమావేశంలో నియమం మార్పిస్తానని గబగబా చెప్పాను. ఆమె కోప్పడలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

“నాకోసరం మార్సొద్దమ్మా” అంది. “నా ఎనక వాడు ఒకరి దయ మింద బతకగూడదు, నాకంటే ముందరే తీసుకుపో సామీ అని కొండకు మొక్కుకుంటి. మీరందరూ మొక్కేదీ అదే గదా. ఆ మొక్కు తీరినాక మీరు యాడికి పోతారో, అది ఆలోసించి మార్సుకోండి.”

మా పాపకు తలనీలాలు ఇప్పించిన రోజు నేను మొక్కుకున్నదీ అదే.