మొదలు పోయిన గొంతు

మొఘల్‌పురాల మా ఇంటి ముందు అర్రల కూసొని మా అబ్బాజాన్ వరఖ్ కొడుతుండె, గదే, మిఠాయిల మీద అద్దే వెండి రేకు. తోలు పొరల నడుమ వెండి ముక్కలు పెట్టి, పొద్దంత సుత్తెతోని కొట్టుడే పని.

ముసలితనంల చెవులు పూరా మందగిస్తే దవాఖానకు తీస్కపోయిన. "ఇది వయసుతోని వచ్చిందా, పనితోనా? ఎట్ల తెలుస్తది మేడం?" అని డాక్టరమ్మను అడిగిన.

"రెండిటికీ సన్నటి గొంతులే ముందు వినపడకుండ అయితయమ్మా. గందుకే ఎప్పటిసంది అని అడుగుతం" అని, ఆయన చెవి కాడ గట్టిగ అడిగింది: "మొట్టమొదలు ఎవరి మాట వినపడలే?"

అబ్బాజాన్ నన్ను చూపెట్టిండు. "దీనిదే. అప్పుడు బడికి పోతుండె. నోరు కదులుతుండె, మాట వస్తలేకుండె."

అప్పటికి ఆయన గడ్డంల ఒక్క వెంట్రుక నెరవలే. డాక్టరమ్మకు గా మాట చాలు. "పనితోనే వచ్చింది" అన్నది.

నాకు మాత్రం అన్నం తినరమ్మని పిలుస్తూ ఆ అర్ర గుమ్మంల నిలబడ్డ పిల్ల యాదికొచ్చింది. మా అన్న బొంగురు గొంతుతోని ఒక్కసారి పిలిస్తే చాలు, తిరిగి చూస్తుండె. ఆడపిల్ల పిలిస్తే తల గూడ ఎత్తడని నాకు మస్తు మండుతుండె.

అబ్బాజాన్ పోయిండు. సుత్తె చప్పుడు లేదు. ఇప్పటికీ ఆ గుమ్మంల నిలబడితే నా నోరు కదులుతది. మాట రాదు.