మంగళంలో రాని పేరు

మా చిన్నతనమంతా గద్వాల మగ్గాల చప్పుడులోనే గడిచింది... ఆ చప్పుడుకే పాట కట్టే మనిషి మా వాడకట్టులో ఒకాయన ఉండేవాడు. గుంటలో కాళ్ళు పెట్టుకుని, చీర నేస్తూ నేస్తూ, బాగోతం మొత్తం నోటితోనే అల్లేవాడు. అక్షరం ముక్క రాదు.

పక్కనే చాప మీద హార్మోనియం నర్సప్ప... ఆయన చెప్పిందల్లా నోటుబుక్కులో రాసుకుని బాణీ కట్టేవాడు. ఆ పెట్టెలో రెండు మెట్లు పలికేవి కావు. ఆ స్వరాలు వచ్చే చోట నర్సప్ప దగ్గేవాడు... జనం అది కూడా సంగీతమే అనుకునేవారు.

మా గద్వాల చీర చూసే ఉంటారు... ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. ఎవరి కన్నయినా ముందు అంచు మీదే పడుతుంది. ఈ ఇద్దరి సంగతీ అంతే.

బాగోతం చివర, తెల్లవారాక, మంగళం పాడతారు. కథ కట్టినవాడి పేరు అందులో వస్తుంది. మంగళం పాడితే ఆట ముగిసినట్టే కాబట్టి, నేర్చుకునేటప్పుడు దాన్నెవరూ పాడరు. అది మొదటిసారి వినిపించేది జనం ముందే.

"నర్సప్పా, మంగళంల నా పేరు మంచిగ రాసినవా?" రోజూ అడిగేవాడు.

"రాసిన తియ్యన్నా... నీ పేరు గాకుంటె ఎవని పేరుంటది?"

ఆ ధీమాతోనే మొదటి ఆట రాత్రికి వనపర్తి నుంచి అత్తగారి వాళ్ళందరినీ పిలిపించాడు. "పాటలు పాటలనుకుంట మగ్గం పండవెట్టిండు" అని నలుగురిలో ఎద్దేవా చేసే మామ కూడా వచ్చాడు. ఆ మామ చెవిన తన పేరు పడాలి... ఆయనకున్న కోరికల్లా అదే.

తెల్లవారింది. మంగళం ఎత్తుకున్నారు. చివరి చరణం రాగానే, పేరు ఇంకా వినిపించకముందే, ఆయన లేచి నిలబడి జనానికి దండం పెట్టాడు.

నర్సప్ప గొంతెత్తి తన పేరే పాడుకున్నాడు.

ఎత్తిన చేతులు దించాలని కూడా ఆయనకు తోచలేదు...

"కూసో అల్లుడా, నీ పేరు గాదంట!" అన్నాడు మామ. జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను... అందరికంటే గట్టిగా.

ఆ ఆట వీపనగండ్ల, కల్వకుర్తి దాకా పోయింది, నర్సప్ప పేరుతోనే. మరుసటేడు నర్సప్ప ఏమీ జరగనట్టు మగ్గం దగ్గరికి వచ్చాడు.

"అన్నా, జర కొత్త కథ జెప్పు."

ఆయన తలెత్తలేదు. "నా తాన ఏం కథలున్నయి? పేరున్నోనివి, నువ్వే కట్టుకో."

నర్సప్ప సినిమా బాణీలతో కానిచ్చేశాడు... జనానికి అదే ఇంకా నచ్చింది.

మేం పిల్లలం ఊరుకున్నామా? ఆ మగ్గం ముందు వరసగా నిలబడి, దండాలు పెట్టి, "మంగళమన్నా!" అని కేక వేసి పరుగెత్తేవాళ్ళం. ఆ పేరు ఊరంతా పాకింది. చివరికి కిరాణా కొట్టులో ఆయన భార్య కూడా "మంగళమన్న ఇంటికి" అని చెప్పి సామాను కట్టించుకునేది...

ఇప్పుడు బాగోతాలు లేవు. నర్సప్ప పేరు మాత్రం చరణంతో సహా నాకు నోటికి వచ్చు. పొద్దుటి నుంచి ఆ కథ కట్టినాయన పేరు గుర్తు చేసుకుంటున్నాను... రావడం లేదు.

మా వాడకట్టు వాళ్ళెవరైనా ఇది చదివితే, ఆయన అసలు పేరు కింద రాయండి. ఎగతాళి పేరు మాత్రం వద్దు... అది పెట్టింది నేనే.