ఆడి నెలలో బాడుగ పెంపు

మా వీధిలో బాడుగ పెంచే కబురు ఏటా ఆడి నెలలోనే ఎందుకు వస్తుందా అని నేను చాలాకాలం ఆలోచించాను. తిరుత్తణిలో ఆ నెల మొక్కుబడి కావళ్లు కొండెక్కుతాయి, ఇళ్లు మాత్రం ఎవరూ మారరు. ఆషాఢంలాగే ఈ తమిళ నెల ఆడిలోనూ కొత్త ఇంట పాలు పొంగించకూడదని నమ్మకం. నెలలకు మంచీ చెడూ అంటగట్టడమేమిటని ఎన్నో సభల్లో వాదించినవాణ్ణి. ఆ నమ్మకం బాడుగలోకి ఎలా దూరిందో మాత్రం పోయినేడు గానీ తెలియలేదు.

పక్కింటి యజమానురాలు వెనక పోర్షనులో ఉన్న కంపెనీ కార్మికురాలిని ఈ నెల నుంచే ఎక్కువ ఇవ్వమంది, లేకుంటే ఖాళీ చేయమంది. ఆ తల్లికి ఒకటే దిగులు. కూతురు ప్లస్ టూ చదువుతోంది, బడి పక్క వీధిలోనే ఉంది. తగవు తీర్చమని యజమానురాలూ ఆమే మా అరుగు మీదికి వచ్చారు.

"నువ్వే న్యాయం చెప్పన్నా. ఇంటిపన్ను పెరిగింది, మోటరు కరెంటు పెరిగింది. నేను ఊరికే పెంచినానా?" అంది యజమానురాలు.

"పెంచొద్దనలేదక్కా. బిడ్డ పరీచ్చలు అయ్యేదాకా ఆగమంటా ఉండా."

నేను యజమానురాలిని అడిగాను: "సంక్రాంతి వచ్చే తై నెలలో చెప్పొచ్చు కదమ్మా, ఆడిలోనే ఎందుకు?"

ఆమె దాచకుండా నవ్వింది. "తైలో చెప్తే ఇంకో ఇల్లు ఎతుక్కోని పోతారు గదన్నా. ఆడిలో యాడికి పోతారు?"

ఇన్నేళ్ల ప్రశ్నకు జవాబు అంత తేలిగ్గా దొరికింది. ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాను. అంతలో కార్మికురాలే అందుకుంది.

"మాకు ఆడి లేదు గదక్కా, మేము ఏసును మొక్కేవాళ్లం. చర్చి పక్కన ఇల్లు ఖాళీగా ఉండాది, ఆ ఇంటామెకీ ఆడి పట్టింపు లేదు. బిడ్డకు దూరమే. అయినా నువ్వు పొమ్మంటే ఈ ఆదివారమే పోతాం."

ప్రతి క్రిస్మస్‌కూ ఆమె పంపే కేకు యజమానురాలు తింది, నేనూ తిన్నాను. అయినా ఈ సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఆడి అందరినీ కట్టేస్తుందని యజమానురాలు అనుకుంది సరే, నేనెందుకు అనుకున్నాను?

"ఈ నెలలో నువ్వు పోతే నా ఇంట్లోకి ఎవురొస్తారే?"

"అది నాకేం తెలుసక్కా? ఆడి నీది గదా."

యజమానురాలు కొంగు బొడ్లో దోపుకుంది. "సరే, పరీచ్చలు అయినాకే పెంచి ఇయ్యి. అప్పుడు మళ్లా బేరాలాడితే ఒప్పుకోను" అంది. తల్లి తలూపింది, అప్పటికిగానీ అరుగు మీద కూర్చోలేదు.

లేచి వెళ్తూ యజమానురాలు ఆగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది: "అవునే, ఇల్లు మారకూడని నెల మీకు ఒకటైనా ఉండదా?"

"ఉంటే మాత్రం నీకు చెప్తానా అక్కా?"