పాచి తోమేసిన రోజు

ల్యాబులో ఆవిడని అందరూ సీసాలమ్మ అంటారు. ముప్పై ఒక్క ఏళ్లుగా గాజు గొట్టాలూ సీసాలూ తళతళలాడేలా తోమిన మనిషి. ఈ రోజుతో ఉద్యోగం అయిపోతోంది. సింకు ముందు నిలబడి చేతులు తుడుచుకుంటుంటే, చేరిన కొత్తలో జరిగిన సంగతి కళ్ల ముందు మెదిలింది.

అప్పుడు పరిశోధన చేసే అమ్మాయి ఒకతె ఉండేది. బక్క ప్రాణం, తిండి ధ్యాస లేదు. గాజు గొట్టాల్లో సూక్ష్మజీవుల పాచి పెంచేది. పుళ్లు మానకుండా చేసేది ఆ పాచేనట. దాని జిగురులో సూక్ష్మజీవులు హాయిగా దాక్కుంటాయి, మందేమో పైపైనే ఆగిపోతుంది. కంటికి కనపడని నానో రేణువుల మీద మందు ఎక్కించి లోపలికి పంపాలని ఆ పిల్ల పంతం. మూడు వారాలు కంటికి రెప్పలా కాపాడి ఆరు గొట్టాల్లో పాచి పెంచింది.

సీసాలమ్మ ఆరింటినీ శుభ్రంగా తోమేసింది. పాచి కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు మరి!

ప్రొఫెసరు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "కడగొద్దని ఇంతింత అక్షరాలతో రాసుందిగా! ఎవరు కడిగారు?"

సీసాలమ్మ చేతిలోని బ్రష్షు కొంగు చాటున దాచుకుంది. ఆవిడకు చదవడం రాదు. వచ్చని అబద్ధం చెప్పి చేరింది. బయటపడితే ఉద్యోగం ఊడినట్టే. ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కతే.

అమ్మాయి ఆవిడ మొహం చూసింది, గొట్టం మీది చీటీ చూసింది. "నేనే సార్. వేరే గొట్టాలనుకున్నా," అంది.

నానా చివాట్లూ తింది. మళ్లీ మూడు వారాలు. పాచి ఎదిగాక సీసాలమ్మను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

"చూడక్కా, పచ్చగా మెరిసేవే రేణువులు. పెద్దవి గుమ్మంలోనే ఇరుక్కున్నాయి. చిన్నవి జిగురులోని నీటి సందులు పట్టుకుని ఎలా దిగుతున్నాయో చూడు."

"చిన్నవాటిలోనూ కొన్ని ఆగిపోయాయే?"

"వాటికి జిగురు అంటుకుంది. అంటుకోకుండా పైన పూత వెయ్యాలి."

"ఇంతకన్నా నా బ్రష్షే నయం!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. చదువు సంగతి మాత్రం ఆ పిల్ల ఎన్నడూ ఎత్తలేదు. మర్నాటి నుంచి చీటీల మీద అక్షరాలకు బదులు బ్రష్షు బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. ఎంత మంచి రోజులవి!

ఇప్పుడు ఆ అమ్మాయే ల్యాబుకు పెద్ద. జుట్టు నెరిసింది. కొత్తగా చేరిన విద్యార్థిని గొట్టాలకు చీటీలు అతికిస్తూ విసుక్కుంది.

"ఈ బొమ్మలెందుకు మేడమ్? రాస్తే సరిపోదా? ఇక్కడ చదవడం రానివాళ్లు ఎవరున్నారు?"

"ఇక్కడ ఇదే పద్ధతి. బొమ్మ వెయ్యి," అంది మేడమ్, తలెత్తకుండా.

"నాకు చదవడం రాదమ్మా," అంది సీసాలమ్మ. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.